రెండు గీతల బిళ్ళలు

ముందుగా నా రాతను మన్నించాలి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఒత్తులు, దీర్ఘాలు నాకు అప్పుడూ నిలవలేదు, ఇప్పుడూ నిలవవు. అక్షరం కూడా వంకర. అచ్చు వేసేవాళ్ళు దిద్దుకుంటారనే ధైర్యంతో రాస్తున్నాను. ఈ రాత మీద సిగ్గుతోనే ఒకసారి ఒక కార్డు ఆలస్యం చేశాను. ఆ సంగతి చివర చెబుతాను.

మాకు కంప్యూటరు నేర్పిన మేడం పోయారు. హైదరాబాదులో, వాళ్ళ చెల్లెలి ఇంట్లో, గుండె ఆగి పోయారట. యాభై ఏళ్ళు కూడా లేవు. పదిహేను రోజుల తర్వాత ఆ చెల్లెలు నాకు ఒక కవరు పంపింది. అందులో ఒక ఉత్తరం, ఒక మడత కాగితం ఉన్నాయి. "అక్క చేతిసంచిలో ఈ కాగితం ఉంది. పక్కన మీ పేరు, ఊరు రాసి ఉన్నాయి. మీకే చేరాలనుకుంటాను" అని రాసింది. ఆ కాగితం విప్పిన దగ్గరినుంచి నాకు కుదురు లేదు. ఎందుకో తెలియాలంటే మొదటినుంచి చెప్పాలి.

జహీరాబాదు నుంచి చిరాగ్‌పల్లి వైపు పోయే పెద్ద రోడ్డు పక్కన ఒక పోత కార్ఖానా ఉండేది. నీటి పంపుల ఇనుప భాగాలు పోసేవారు. పేరు ఇక్కడ అనవసరం. ఇప్పుడు సగం మూతపడింది. నేను అక్కడ టైం ఆఫీసులో గుమాస్తాను. పనివాళ్ళు గేటు దగ్గర తమ ఇత్తడి బిళ్ళ చూపించి లోపలికి పోతారు. బిళ్ళ మీద నంబరు చూసి నేను హాజరు పుస్తకంలో గుర్తు పెడతాను. పదిహేనేళ్ళకు పైగా అదే పని. ఎక్కువ మాట్లాడే పని కాదు కాబట్టి నాకు నచ్చేది.

మా కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉండేది. పనిలో ఉన్న తండ్రి పోతే ఆ పని కొడుక్కు ఇచ్చేవారు. పనితోపాటు తండ్రి బిళ్ళ కూడా కొడుక్కే. కొత్త నంబరు ఇస్తామన్నా తీసుకునేవారు కాదు. ఇంట్లో ఆడవాళ్ళు ఆ బిళ్ళను చింతపండుతో తోమి, పసుపు పెట్టి, వెనకవైపు మేకుతో ఒక గీత గీసేవారు. తండ్రిది ఒక గీత, కొడుకుది రెండో గీత. తురకల ఇళ్ళల్లో పసుపు బదులు అత్తరు అద్దేవారు, గీత మాత్రం తప్పేది కాదు. నేను హాజరు పుస్తకంలో తండ్రి పేరు కొట్టేసి, అదే వరసలో పైన కొడుకు పేరు రాసేవాణ్ణి.

మా అన్న ఇసుక షెడ్డులో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. క్షయ అనుకుని మందులు మింగించాం. ఆయన బిళ్ళ 214. మా వదిన దాన్ని తోమి కొడుకు చేతిలో పెట్టింది. నేను అన్న పేరు కొట్టేసి అన్న కొడుకు పేరు రాశాను. అందరికీ తెలిసిన సంగతే కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాను.

ఎనభైల నడుమ ఒక వానాకాలం కార్ఖానాకు కంప్యూటరు వచ్చింది. దానికంటే ముందు దాని గది తయారైంది. టైం ఆఫీసు వెనక గదికి సున్నం వేసి, కిటికీ సందుల్లో రబ్బరు కుక్కి, చల్లగాలి మిషను పెట్టారు. మేనేజరును మేము పెద్ద సారు అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని నిలబెట్టి చెప్పారు. "దానికి దుమ్ము పడదు. ఒక్క రవ్వ లోపలికి పోయినా పాడైపోతుంది. కాళ్ళు తుడుచుకోకుండా ఎవరూ రావద్దు." గడప దగ్గర ఒక తడి గుడ్డ పరిపించారు.

ఆ గదికి గోడ అవతలే ఇసుక షెడ్డు. ఇనుము పోసి ఆరిన ఇసుక అచ్చులను అక్కడ సుత్తెలతో పగలగొట్టేవారు. తెల్లటి దుమ్ము లేచి, పొద్దున వచ్చిన మనిషి మధ్యాహ్నానికి గుర్తుపట్టరాకుండా అయ్యేవాడు. మా గదిలో గాలి మిషను సన్నగా మూలుగుతుండేది. దాని చప్పుడు నడుమ గోడ అవతల ఒక దగ్గు. కొంచెం ఆగి ఇంకొకటి. పదిహేనేళ్ళు ఆ గోడ పక్కనే కూర్చున్నాను, ఆ దగ్గులు విన్నట్టు నాకు గుర్తు లేదు. మేడం వచ్చాకనే వినపడడం మొదలైంది.

నేర్చుకునేందుకు ఐదుగురిని పెట్టారు. మూడు నెలల్లో రానివాళ్ళు గేటు కాపలాకు పోవాలని చెప్పారు. అందరిలో నేను పెద్దవాణ్ణి, అందరికంటే మొద్దును. నా పక్కన స్టోర్స్ గుమాస్తా. ఆయనను స్టోర్స్ సాబ్ అనేవాళ్ళం. కోహీరు మనిషి, నవ్వకుండా నవ్వించేవాడు.

మొదటిరోజు మేడం వచ్చి గడప దగ్గర ఆగారు. సన్నటి మనిషి, నూలు చీర, కళ్ళజోడు ఒక కాడకు దారం చుట్టి ఉంది. వంగి ఆ తడి గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి చూశారు. బూడిదలో ముంచి తీసినట్టుంది.

"ఇది పొద్దున పెట్టిందేనా?"

"గంట గూడ కాలేదమ్మా. ఇక్కడ గుడ్డలకు ఉమర్ తక్కువ, జల్ది ముసలివైతయ్," అన్నాడు స్టోర్స్ సాబ్.

మేము నవ్వాం, ఆమె నవ్వలేదు. బకెట్‌లో నీళ్ళు తెప్పించుకుని ఆ గుడ్డను తనే పిండారు. నీళ్ళు తేరుకునే దాకా నిలబడి చూశారు. అడుగున తెల్లగా వేలెడు మందాన పేరుకుంది. "మిషన్‌కు దుమ్ము పడదన్నరు," అని తనలో తను అనుకున్నట్టు అని, లోపలికి వచ్చి పాఠం మొదలుపెట్టారు. ఆమె ఉన్నన్ని రోజులూ అదే వరస. ముందు గుడ్డ, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతనే పాఠం.

ఆ పాఠం గురించి నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. కంప్యూటరులో సంగతులన్నీ పట్టికలుగా ఉంటాయి. మనుషులది ఒక పట్టిక. సెలవులది ఒకటి. ఒక పట్టికలో మనిషిని ఇంకో పట్టికలో అతని సంగతితో కలపాలంటే రెండింటిలోనూ ఒకే గుర్తు ఉండాలి. మాకు అది తలకెక్కలేదు. మేడం సంచిలోంచి తెల్ల దారం ఉండ తీశారు. మా ఐదుగురి బిళ్ళలు బల్లకు ఈ పక్కన వరసగా పెట్టించారు. ఆ పక్కన సెలవు చీటీలు పరిచారు. ఒక్కో బిళ్ళ నుంచి అదే నంబరున్న చీటీకి దారం లాగి కట్టమన్నారు. బల్ల మీద దారాలు మగ్గం మీద ఉన్నట్టు ఒకదాని మీద ఒకటి పోయాయి.

"మిషన్ చేసేది గింతే," అన్నారు. "దానికి మనుషులు తెల్వదు, దారమే తెలుసు. అందుకే ఒక మనిషికి ఒక నంబరు. మనిషి పోతే ఆ నంబరు గూడ పోవాలె. ఇంకొకరికి ఇయ్యొద్దు."

స్టోర్స్ సాబ్ నా వైపు చూశాడు. హాజరు పుస్తకం రాసేది నేనే కాబట్టి చెప్పవలసింది నేనే. మా దగ్గర అట్లా కాదమ్మా, నంబరు కొడుక్కు పోతది అని మాట నాలుక చివరిదాకా వచ్చింది. నలుగురిలో లేచి మాట్లాడడం నాకు చేతకాదు. ఊరుకున్నాను.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మేము ఏదైనా కొట్టి ఇక మీట నొక్కబోతుంటే బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టేవారు. "చదివిన్రా?" అనేవారు. చదివామంటే, "పైకి చదువుండ్రి" అనేవారు. తెర మీద పచ్చటి అక్షరాలను మేము బడిపిల్లల్లా పైకి చదివి, అప్పుడు నొక్కాలి. నాకు ఇంగ్లీషు మాటలు ఆకారాలుగానే గుర్తు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఒక మాట కొట్టేసరికి మిగతావాళ్ళు పేజీ పూర్తి చేసేవారు. ఒకనాడు సిగ్గుపడి, "నన్ను గేటుకే పంపమని చెప్పుండ్రమ్మా" అన్నాను.

"అన్నా, తొందరగ కొట్టెటోళ్ళతోనే నాకు భయం," అన్నారు. "మీరు చూసి కొడ్తరు. మీతోని నాకు ఫికర్ లేదు."

మధ్యాహ్నం నా జొన్నరొట్టెల్లో ఒకటి అడిగి తీసుకుని సగం తినేవారు. మిగిలిన సగం కాగితంలో చుట్టి సాయంత్రం బస్సుకు దాచుకునేవారు. అట్లా అడిగి తీసుకోవడంలో నా మీద ఒక గౌరవం కనపడేది.

రెండో నెలలో అభ్యాసానికి పాత కాగితాలు కావాలన్నారు. మా బీరువాలో ఛాతీ ఫోటోల చీటీలు ఉన్నాయి. ఇసుక షెడ్డువాళ్ళకు కొన్నేళ్ళకొకసారి, ఒక్కోసారి ఏటేటా, ఎక్స్‌రే బండి వచ్చేది. ఆ చీటీ మీద పేరు ఉండదు. బిళ్ళ నంబరు, సంవత్సరం, ఇంగ్లీషులో ఒక ముక్క. డాక్టరు చూసి, పోయినసారి కంటే ఎక్కువైతే ఆ నంబరును పిలిపిస్తాడు. తర్వాత చీటీలు నా దగ్గరికి వస్తాయి. నేను కట్టలు కట్టి బీరువాలో పెడతాను. అన్నేళ్ళు కట్టలు కట్టాను. ఒక్కటి చదవలేదు. చదవమని నాకెవరూ చెప్పలేదు.

ఆ ఇంగ్లీషు ముక్క బదులు అంకె వేయమన్నారు మేడం. "బాగుంటే సున్న. మచ్చ ఉంటే ఒకటి. చానా ఉంటే రెండు." పదిరోజులు మేము చీటీలు చదువుతూ అంకెలు కొట్టాం. సున్న, సున్న, ఒకటి. గోడ అవతల దగ్గు. ఒకటి, రెండు. మొదట్లో స్టోర్స్ సాబ్ వాటిని పాటలాగా చదివేవాడు. మూడోరోజుకు మానేశాడు.

పదకొండో రోజు రెండు పట్టికలను కలిపాం. మనుషుల పేర్లు ఒక పక్క, చీటీల అంకెలు ఒక పక్క. తెర మీద ముందుగా 214 తీయమని నాకు చెప్పారు. తీశాను. మా అన్న కొడుకు పేరు పక్కన ఆరు చీటీలు వచ్చాయి. వాటిలో మొదటి సంవత్సరానికి వాడు మీసాలు కూడా రాని పిల్లవాడు.

స్టోర్స్ సాబ్ వంగి చూశాడు. "నీ అన్న కొడుకు బడికి పోవుడు ఎగ్గొట్టి ఇసుక షెడ్డుకు వచ్చెటోడా భాయ్? షాబాష్."

అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు బిళ్ళల ఆనవాయితీ మేడానికి చెప్పక తప్పలేదు. నేను నసుగుతుంటే స్టోర్స్ సాబ్ పూర్తి చేశాడు. పసుపు, అత్తరు, మేకు గీత అన్నీ చెప్పాడు. మేడం విని, నా మీద కోపం చేయలేదు. "అయితే ఇవి మీ అన్న చీటీలు. ఈ పేరు కింద ఉండొద్దు. కొట్టేయుండ్రి," అని పక్క బల్లకు పోయారు.

తప్పు నాదని తొందరపడ్డాను. ఆరు వరసలూ కొట్టేశాను. తెర మీద 214 కింద నల్లగా ఖాళీ మిగిలింది. మనసు తేలికైంది.

బల్ల మీద రెండుసార్లు చప్పుడైంది. ఆమె వెనక నిలబడి ఉన్నారు.

"ఏం కొట్టేసిన్రో చదివిన్రా అన్నా?"

"అంత మా అన్నదే గదమ్మా."

"చదివిన్రా?"

నేను తల అడ్డంగా ఊపాను. "కొట్టేసింది పోలేదు," అన్నారు ఆమె. "ఇంకో ఆజ్ఞ ఇచ్చేదాక లోపలనే ఉంటది. కనబడుత లేదంతే." నా చేతే ఒక మాట కొట్టించారు. ఆరు వరసలూ మళ్ళీ పైకి వచ్చాయి.

చదివాను. సంవత్సరం, సున్న. సంవత్సరం, ఒకటి. ఒకటి. తర్వాత రెండు. ఆ ఏడు అన్న బావి మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయాడు. మళ్ళీ రెండు. అదే ఆయన చివరి ఏడు. ఆరో వరస చదివాను. ఒకటి.

"గీడ తగ్గింది గద భాయ్," అన్నాడు స్టోర్స్ సాబ్. "రెండు పోయి ఒకటైంది."

మేడం తెర మీద ఆ సంవత్సరం దగ్గర వేలు పెట్టారు. "మీ అన్న ఎప్పుడు పోయిన్రు?"

చెప్పాను. ఆ చీటీ ఆయన పోయిన రెండేళ్ళ తర్వాతది.

"చచ్చిపోయినంక తగ్గుతదా సాబ్?" అన్నారామె.

గాలి మిషను మూలుగుతున్నది. గోడ అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు మా వాడిదని నాకు తెలిసింది. రోజూ వింటున్నదే.

డాక్టరు కూడా నంబరునే చూశాడు. పోయినసారి రెండు, ఈసారి ఒకటి. నయమవుతున్నదనుకుని పిలిపించలేదు. తండ్రి అంకె కింద కొడుకు అంకె దాక్కుంది. పేరు మీద పేరు రాసింది నేను. కట్టలు కట్టింది నేను. ఒక్క నిమిషం కింద ఆ వరసను కొట్టేసింది కూడా నేనే.

ఆ రోజు మేడం పాఠం ఆపి, తండ్రి బిళ్ళ మోస్తున్న కొడుకులందరినీ విడదీయించారు. నేను హాజరు పుస్తకం చూసి ఏ ఏడు ఎవరి పేరు మీద ఎవరి పేరు రాశానో చెప్పాను. నా జన్మలో అంతసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి పదకొండుమంది తేలారు. పదకొండుమందీ ఇసుక షెడ్డే. అందరికీ ఒకటి. అందరి పైనా తండ్రి రెండు. ఒక్కరినీ ఎవరూ పిలిపించలేదు.

మేడం పెద్ద సారు దగ్గరికి పోయారు. నన్ను కూడా రమ్మన్నారు. ఆయన కాగితం చూసి పక్కన పెట్టారు. "ఇవి నేర్చుకునే కాగితాలు. వీటిని పట్టుకుని షెడ్డులో భయం పుట్టించవద్దు. డాక్టరుతో నేను మాట్లాడతాను. మీరు ఆ పట్టికలు శుభ్రం చేసేయండి," అన్నారు. మాట మెత్తగానే ఉంది. రెండురోజుల తర్వాత శిక్షణ ముగిసిందని చెప్పారు. ఇంకా నెల ఉంది. డాక్టరుతో మాట్లాడారో లేదో నాకు తెలియదు. నాకు తెలిసి పదకొండుమందిలో ఎవరినీ పిలవలేదు.

చివరిరోజు మేడం ఎప్పటిలాగే గుడ్డ పిండారు. లోపలికి వచ్చి పదకొండు నంబర్లు ముద్రించారు. ఆ ముద్రించే మిషను గరగరమని చప్పుడు చేస్తుంటే తలుపు వైపు చూడకుండా నిలబడ్డారు. రెండు ప్రతులు తీశారు. ఒకటి తన సంచిలో పెట్టుకుని, రెండోది నాకిచ్చారు.

"నేను ఈ ఊరిదాన్ని గాను. పదకొండుమందిల ఒక్కరి ఇల్లు నాకు తెల్వదు. మీకు తెలుసు."

"నాకు మాట్లాడుడు రాదమ్మా."

"చదువుడొచ్చు గద. నంబరు చదువుండ్రి, అంకె చదువుండ్రి. గంతే."

తర్వాత, పెద్ద సారు చెప్పినట్టు, పట్టికలను పూర్తిగా చెరిపేసే రెండో ఆజ్ఞ నాచేతనే కొట్టించారు. నొక్కబోతుంటే బల్ల మీద రెండుసార్లు తట్టారు. నేను పదకొండు నంబర్లూ పైకి చదివి నొక్కాను. ఆ సాయంత్రం బస్సుకు ఆమె పోయారు. గుమ్మం పక్కన తీగ మీద గుడ్డ ఆరుతున్నది. పిండినా దాని మడతల్లో తెల్లగా గీతలున్నాయి.

మొదట మా అన్న కొడుకుకు చెప్పాను. వాడు పని దిగి గేటు దగ్గరికి వచ్చాడు, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

"చిన్నాయినా, కంప్యూటర్ల నా పేరు చూసినవంట. పచ్చగ మెరిసిందా?"

కాగితం తీసి చదివాను. "214. ఒకటి." అంటే ఏమిటో చెప్పాను.

"బాపుది గావచ్చు."

"బాపు పోయినంకది."

వాడు మెడలోని బిళ్ళను తిప్పి వెనక గీతలు చూసుకున్నాడు. బొటనవేలితో ఒక గీతను రుద్దాడు, పోతుందేమోనన్నట్టు. వదిన ఏడ్చి వాణ్ణి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయింది. ఇది క్షయ కాదు, ఇసుక దుమ్ము మచ్చ, పోదు, దుమ్ములోకి పోకుంటే పెరగకపోవచ్చు అన్నారు డాక్టర్లు. ఇప్పుడు కోహీరు దగ్గర అల్లం తోటలో పని చేస్తాడు. ఎత్తు ఎక్కితే ఆయాసం. మనిషి ఉన్నాడు. మేడం గుర్తుకు వస్తే వాడు నోటితో ఏమీ అనేవాడు కాదు. తోటలో మొదటి అల్లం తెచ్చి నా గుమ్మంలో పెట్టి, "హైదరాబాద్ పోయెటోళ్ళుంటే ఆమెకియ్యి" అనేవాడు.

మిగిలిన పదిమంది సులభంగా దొరకలేదు. మరుసటి ఏడే ఇసుక షెడ్డు మూసేశారు. బిళ్ళలు తిరిగి అడిగినవాళ్ళు లేరు. మనుషులు చెల్లాచెదరయ్యారు. బీదరుకు కొందరు, షోలాపూరుకు కొందరు, పెద్ద రోడ్డు పట్టుకుని బొంబాయికి కొందరు. అక్కడ కూడా పోత పనికే పోయారని వినేవాణ్ణి. వచ్చిన పని అదొక్కటే కదా. పనిలో ఉన్నన్నాళ్ళు సెలవురోజుల్లో వెతికాను, పోయిన ఏడు రిటైరయ్యాను. అప్పటినుంచి రోజూ అదే పని, సంతలకు, పెళ్ళిళ్ళకు, చావులకు ఆ కాగితం జేబులో పెట్టుకుని పోతున్నాను. ఎదురైన మనిషి ముందు నిలబడి నంబరు చదువుతాను, అంకె చదువుతాను. ఒకడు, "నా పని పోగొట్టనీకి వచ్చినవా?" అని కాలరు పట్టుకున్నాడు. వారం తర్వాత తనే వచ్చి, ఇంకోసారి చదవమన్నాడు. ఒక తల్లి తలుపు వేసుకుంది. తలుపు బయటే నిలబడి చదివాను.

ఒక్కో మనిషి దొరికినప్పుడు మేడానికి కార్డు రాసేవాణ్ణి. నంబరు, దాని కింద "చెప్పిన" అని. ఆమె నుంచి జవాబు వారం తిరగకుండా వచ్చేది. "సంతోషం అన్నా. మిగిలినవి?" అంతే. కుశలాలు ఉండవు. ఒకసారి నా అక్షరాలకు క్షమించమని రాస్తే, "మీ అక్షరాలు నాకు బాగానే తెలుస్తాయి. ఆలస్యం మాత్రం చేయకండి" అని రాశారు.

మూడేళ్ళలో ఎనిమిదిమంది అయ్యారు. ఈ మధ్య న్యాల్‌కల్ సంతలో తొమ్మిదో మనిషి కనపడ్డాడు. ఉల్లిగడ్డల కుప్ప పక్కన, గోనె సంచికి ఆనుకుని కూర్చున్నాడు. నిలబడి బేరం చేసే ఓపిక లేదు. నేను ఎదురుగా కూర్చుని చదివాను. "163. ఒకటి."

అతను అంగీ లోపలినుంచి బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. వెనక రెండు గీతలు. "ఎవలు పంపిన్రు నిన్ను?" అన్నాడు.

"మా మేడం."

"నా దండం చెప్పు ఆమెకు."

ఇంటికి వచ్చి కార్డు తీసుకున్నాను. ఈసారి నంబరుతోపాటు అతని దండం కూడా రాయాలి. అది పెద్ద వాక్యం. తప్పులు పోయాయి. చింపి ఇంకో కార్డు రాశాను. అదీ బాగాలేదు. పక్కింటి అమ్మాయి సెలవులకు వస్తుంది, ఆమెతో మంచి చేతిరాతతో రాయిద్దామనుకున్నాను. మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లోనే మేడం పోయారు.

చెల్లెలు పంపిన మడత కాగితం ఆమె దగ్గరున్న రెండో ప్రతి. ఎనిమిది నంబర్ల పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు, నా కార్డు అందిన తేదీ. మూడు నంబర్ల పక్కన ఏమీ లేదు. అందులో 163 ఉంది. ఆ మనిషి చెప్పిన దండం నా దగ్గరే ఉండిపోయింది. నేను పెన్సిలు చెక్కి ఆ నంబరు పక్కన టిక్కు పెట్టాను. బల్ల మీద రెండుసార్లు తట్టి, పైకి చదివే పెట్టాను.

చెల్లెలి ఉత్తరంలో ఇంకో మాట ఉంది. మేడం వాళ్ళ ఇంటి గడప దగ్గర కూడా ఎప్పుడూ ఒక తడి గుడ్డ ఉండేదట. రోజూ తనే పిండేవారట. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదట.

ఇప్పుడు నా కాగితం, ఆమె కాగితం పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెండింటిలోనూ అవే రెండు నంబర్లు ఖాళీగా ఉన్నాయి. 87, నర్సింలు. న్యాల్‌కల్ అవతల కర్ణాటక పొలిమేర ఊరని విన్నాను. 341, ఖాజా. షోలాపూరు వైపు పోయాడంటారు. ఇద్దరూ ముప్ఫై దాటని మనుషులు. ఎక్కడో ఏదో దుమ్ములో సుత్తె పట్టుకుని ఉంటారు. దగ్గు వస్తుంటే వానాకాలం దగ్గు అనుకుంటుంటారు.

చదివేవాళ్ళను వేడుకుంటున్నాను. మీ ఇంట్లోగాని, మీ వాడలోగాని ఇత్తడి బిళ్ళ మెడలో వేసుకున్న మనిషి ఉంటే, తిప్పి వెనక చూడండి. రెండు గీతలుండి నంబరు ఈ రెండింటిలో ఒకటైతే, పైకి చదివి అతనికి చెప్పండి. ఒకటి అని చెప్పండి. దుమ్ములోకి పోవద్దని చెప్పండి. తర్వాత ఈ పత్రికవాళ్ళకు ఒక కార్డు రాస్తే నాకు అందుతుంది. అక్షరాలు బాగాలేవని, తప్పులు పోతున్నాయని ఆగవద్దు. నంబరు, దాని కింద "చెప్పిన" అని ఉంటే నాకు తెలుస్తుంది. పెన్సిలు చెక్కి పెట్టుకున్నాను. తొందరగా రాయండి.